దరఖాస్తులో కులం గడి

2025 నవంబరు 21న కేంద్ర ప్రభుత్వం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. పత్రికలు గ్రాట్యుటీ గురించీ, పని గంటల గురించీ, సమ్మె నోటీసు గురించీ చాలా రాశాయి. వేతనాల కోడ్ మూడో సెక్షన్‌లోని ఒక నియమం మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. ఒకే తరహా పనికి మనుషులను తీసుకునేటప్పుడు ఏ యజమానీ లింగం ఆధారంగా వివక్ష చూపకూడదని అది చెబుతుంది. 1976 నాటి సమాన వేతన చట్టంలో నియామకాలకు సంబంధించిన ఈ రక్షణ స్త్రీల పేరున మాత్రమే ఉండేది. ఇప్పుడు దాని పరిధి కాస్త పెరిగింది.

వరంగల్ సంఘాలకు ఇది ఢిల్లీ వార్త అనిపించవచ్చు. కాని గీసుకొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు కొరియా నుంచి యంగ్‌వన్, కేరళ నుంచి కిటెక్స్ వచ్చాయి. బట్టల పరిశ్రమ ఎక్కడున్నా ఎక్కువగా ఆడపిల్లల చేతుల మీదే నడుస్తుంది. మడికొండలో 2020లో టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు తెరిచాయి. హన్మకొండ, కాజీపేటల్లో ప్రైవేటు బడులకు, ఆసుపత్రులకు లెక్కే లేదు. ఆదివారం ఆరాధన ముగిశాక ప్రార్థన చేయించుకోవడానికి ముందుకు వచ్చే యువతీయువకుల్లో చాలామంది చెప్పే విన్నపం ఒక్కటే: ఉద్యోగం.

కాబట్టి ఉద్యోగం ఇచ్చేవాడు ఏం అడగవచ్చు, ఏం అడగకూడదు, ఏ కారణంతో కాదనకూడదు అన్నది మన పిల్లలకు తెలియాలి. బడులు, ఆసుపత్రులు, దుకాణాలు నడిపే విశ్వాసులకు, కంపెనీల హెచ్‌ఆర్ విభాగాల్లో పనిచేసే సహోదరీ సహోదరులకు మరీ తెలియాలి. ఈ విషయంలో మన సంఘం దరఖాస్తు పట్టుకుని వరుసలో నిలబడటమే కాదు, బల్లకు అవతలి వైపున కూడా కూర్చుని ఉంది.

ముందు ఆడపిల్లల సంగతి. 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ ఒక పరిశోధన కథనం ప్రచురించింది. తమిళనాడు శ్రీపెరుంబుదూరులో ఐఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ పెళ్లయిన స్త్రీలను బిగింపు పనుల్లోకి తీసుకోవడం లేదన్నది దాని సారాంశం. ఇంటి బాధ్యతలు, గర్భం, సెలవులు అంటూ అక్కడి నియామక ఏజెంట్లు, పాత ఉద్యోగులు కారణాలు చెప్పారు. మెట్టెలు, మెడలో నగలు పనికి అడ్డమన్న మాట కూడా వచ్చింది. కేంద్ర కార్మిక శాఖ వెంటనే 1976 చట్టం ఐదో సెక్షన్‌ను గుర్తుచేస్తూ తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులిచ్చింది. వివక్ష లేదని కంపెనీ చెప్పింది. కొత్తగా తీసుకున్న స్త్రీలలో నాలుగో వంతు మంది పెళ్లయినవారేనని లెక్క చూపింది. అదే ఏడాది నవంబరులో, ఉద్యోగ ప్రకటనల్లోంచి వయసు, లింగం, పెళ్లి షరతులను తీసేయమని ఏజెంట్లకు చెప్పారని రాయిటర్స్ మళ్లీ రాసింది. ప్రకటనలోంచి పోయిన మాట ఏజెంటు నోట్లోంచి కూడా పోయిందా అన్నది ఆ ఊరి ఆడపిల్లలే చెప్పాలి.

అదే ఫాక్స్‌కాన్‌కు మన కొంగర కలాన్‌లోనూ ఫ్యాక్టరీ ఉంది. పైగా ఏజెంట్ల పద్ధతి మనకూ కొత్త కాదు. ఊళ్లలోకి వ్యాను తెచ్చి మనుషులను ఎక్కించుకుపోయే కాంట్రాక్టరు ఎవరిని ఎందుకు వద్దన్నాడో కంపెనీ రికార్డులో ఎక్కడా ఉండదు. చట్టానికి లోబడి నియామకాలు జరపాలనుకునే సంస్థ మొట్టమొదట చూడవలసింది తన ఏజెంటునే. తాను అడగకూడని ప్రశ్నను అతనిచేత అడిగించినా తప్పు తనదే.

పెళ్లి, గర్భం గురించిన ప్రశ్నలు ప్రైవేటు కంపెనీలకే పరిమితం కాదు. ఒక యువతి ఎల్‌ఐసీలో సహాయకురాలిగా చేరింది. ప్రసూతి సెలవు తర్వాత ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. చేరేటప్పుడు ఇచ్చిన ప్రకటనలో గర్భం సంగతి దాచిందని ఆరోపణ. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఫారం చూసి న్యాయమూర్తులు నివ్వెరపోయారు. నెలసరి క్రమంగా వస్తుందా, చివరిసారి ఎప్పుడు వచ్చింది, ఎన్నిసార్లు గర్భం వచ్చింది అని గడులు. 1991లో కోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది, ఆ గడులను ఫారంలోంచి తీసేయమంది. ఇది జరిగి ముప్పై ఏళ్లు దాటింది. ఈ రోజుకీ మన పట్టణంలో బీఈడీ చదివిన ఆడపిల్ల ఏ బడిలో ఇంటర్వ్యూకు వెళ్లినా, పాఠం చెప్పించుకోకముందే "పెళ్లి ఎప్పుడు చేసుకుంటావమ్మా?" అని అడుగుతున్నారు. అడిగేవారు ఆప్యాయంగానే అడుగుతారు. ఆ జవాబును బట్టి ఉద్యోగం ఇవ్వడమో మానడమో చేస్తే మాత్రం అది ఆప్యాయత కాదు.

చట్టం గట్టిగా ఉన్న చోట్లు ఇంకా ఉన్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం రాసుకోవాలి. ఇరవై మంది, అంతకు మించి సిబ్బంది ఉంటే వికలాంగులకు ఏయే పోస్టులు తగినవో అందులో చెప్పాలి, నియామకాలను చూసే లైజన్ అధికారిని పెట్టాలి. మన క్రైస్తవ విద్యాసంస్థల్లో ఇరవై మంది సిబ్బంది లేనివి ఎన్ని? వాటిలో ఎన్నిటి నోటీసు బోర్డు మీద ఈ విధానం కనబడుతుంది? 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఉద్యోగానికి షరతుగా హెచ్‌ఐవీ పరీక్ష అడగకూడదు. ఇది మిషన్ ఆసుపత్రుల కమిటీలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం కూడా ఉద్యోగాల్లో వివక్షను నిషేధించింది.

మన ఆర్టీసీ కేసు ఒకటి చెప్పుకోవాలి. 2014లో డ్రైవరుగా చేరిన ఒకాయనకు తర్వాత వైద్య పరీక్షలో రంగులు గుర్తించలేని లోపం ఉందని తేలింది. 2016లో ఉద్యోగం నుంచి విరమింపజేశారు. వేరే పని ఇవ్వండని అడిగితే కుదరదన్నారు. నిజానికి ఇలాంటి డ్రైవర్లకు వేరే పని చూపాలని 1979లోనే యాజమాన్యానికీ కార్మిక సంఘానికీ ఒప్పందం ఉంది. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. అదే వేతన స్థాయిలో తగిన పోస్టు ఇవ్వాలని, పాత జీతంలో పాతిక శాతం చెల్లించాలని ఆదేశించింది. వేరే పని ఉందా లేదా అని వెతకకుండానే మనిషిని ఇంటికి పంపడం చట్టం దృష్టిలో నిలవదని ఈ తీర్పుతో తేలింది. నియామక కమిటీలకు కూడా ఇది పాఠమే. "ఈ లోపం ఉన్నవాడు చేయలేడు" అనే ముందు ఏ పని చేయలేడో, ఏది చేయగలడో చూడాలి.

ఇక అసలు చిక్కు. స్త్రీకి చట్టం ఉంది, వికలాంగుడికి ఉంది, హెచ్‌ఐవీతో జీవించేవారికి ఉంది. ప్రైవేటు కంపెనీ ఒకరిని మతం చూసి కాదంటే? కులం చూసి కాదంటే? రాజ్యాంగం 15, 16 అధికరణాల్లో ఇచ్చిన హామీ ప్రధానంగా ప్రభుత్వాన్నే కట్టడి చేస్తుంది. అంటరానితనం కారణంగా ఉద్యోగాన్ని నిరాకరిస్తే 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం నేరమంటుంది, 1989 నాటి అట్రాసిటీ చట్టంలోనూ అలాంటి నిబంధన ఉంది. కాని "మీరు ఎంపిక కాలేదు" అన్న ఒక్క వాక్యపు ఈమెయిల్ మీద ఏ పోలీసు స్టేషన్లో ఎఫ్‌ఐఆర్ రాయిస్తారు? ప్రైవేటు నియామకాలన్నిటికీ వర్తించే సమగ్ర వివక్ష నిరోధక చట్టం మన దేశంలో లేదు. శశి థరూర్ అలాంటి ప్రైవేటు సభ్యుని బిల్లు లోక్‌సభలో పెట్టారు. అది చట్టం కాకుండానే కాలం తీరిపోయింది.

వివక్ష ఉందా అంటే ఉంది. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. అరవై ఆరు వారాల పాటు పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4808 దరఖాస్తులు పంపారు. చదువు, అర్హతలు సమానం, తేడా పేరులోనే. పై కులపు హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. అదే సమయంలో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడారు. కులం చూస్తామని ఎవరూ అనలేదు. "కుటుంబ నేపథ్యం" అడుగుతామని మాత్రం ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. నాన్న ఏం చేస్తారు, ఏ ఊరు, ఇల్లు ఏ వాడలో. మన పిల్లలకు ఈ ప్రశ్నలు తెలుసు.

థోరట్ పరీక్షలో క్రైస్తవ పేర్లు లేవు. కాని మన ఇళ్లలో బడి రిజిస్టరులో ఒక పేరు, బాప్తిస్మ రిజిస్టరులో ఇంకో పేరు ఎందుకుంటాయో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవుణ్ణి ఎస్సీ జాబితాకు వెలుపల ఉంచింది. తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీ కింద దొరికే ఒక శాతం ప్రభుత్వ ఉద్యోగాలకే. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవ్యంలోకి మారి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి అట్రాసిటీ చట్టపు రక్షణ కోరలేడని తీర్పు చెప్పింది. అంటే ప్రైవేటు ఉద్యోగం బల్ల ముందు మన పిల్లవాడు కులం మోసుకుంటూనే నిలబడతాడు, కులం కారణంగా అన్యాయం జరిగితే చూపించుకోవడానికి మాత్రం కాగితం ఉండదు.

అమెరికా వెళ్లిన మన పిల్లల పరిస్థితి దీనికి భిన్నం. అక్కడి 1964 నాటి పౌర హక్కుల చట్టం పదిహేను మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు యజమానులనూ పట్టుకుంటుంది. జాతి, వర్ణం, మతం, లింగం, జాతీయ మూలం చూడకూడదు. 2023లో ఆపిల్ సంస్థ, కొన్ని ఉద్యోగాల్లో వీసాదారుల వైపు మొగ్గి స్థానికులను పక్కన పెట్టిందన్న ఆరోపణపై రెండున్నర కోట్ల డాలర్లకు అక్కడి న్యాయశాఖతో రాజీకి వచ్చింది. ఆ ఉద్యోగాల కోసం ఎదురుచూసే వీసాదారుల్లో తెలుగువారు ఎందరో మనకు తెలుసు. అలాగే 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వం, ఒక దళిత ఇంజినీరుపై అగ్రకుల మేనేజర్లు వివక్ష చూపారంటూ సిస్కో మీద దావా వేసింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. మనవాళ్లు పచ్చళ్లతో పాటు ఇంకేం పట్టుకెళ్లారో ఆ ఊళ్లకు ఇప్పుడు తెలిసింది.

ఇంతవరకు చదివిన చదువరి, బాధితులం మనమే కదా అనుకుంటూ ఉండవచ్చు. ఇప్పుడు బల్లకు అవతలి వైపు చూద్దాం.

2025 ఫిబ్రవరిలో తిరుమల తిరుపతి దేవస్థానం, హిందూయేతర మతాచారాలు పాటిస్తున్నారంటూ పద్దెనిమిది మంది ఉద్యోగులపై చర్య తీసుకుంది. మన సంఘాల్లో చాలామంది బాధపడ్డారు. వారి కుటుంబాల కష్టం నిజమే, వారి కోసం ప్రార్థించడమూ సరైనదే. అయితే రాజ్యాంగం 16వ అధికరణం ఐదో క్లాజు, మతసంస్థ వ్యవహారాలకు సంబంధించిన పదవిలో ఆ మతస్థుడే ఉండాలనే చట్టానికి అనుమతి ఇస్తోంది. ఊడ్చేవారు, వంటవారు, డ్రైవర్లు కూడా ఆ మాట కిందికి వస్తారా అని వాదించవచ్చు, వాదించాలి కూడా. కాని ఆ సూత్రమే అన్యాయమని మనం అనలేం. అలాంటి మినహాయింపే మనకూ ఉంది. పాస్టరు క్రైస్తవుడే కావాలంటాం. మన కాలేజీ ప్రిన్సిపాలును మనమే ఎంచుకుంటాం. 30వ అధికరణం ఇచ్చిన ఆ స్వేచ్ఛను 2006లో మలంకర సిరియన్ కాథలిక్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఆ స్వేచ్ఛ హద్దులు లేనిది కాదని కూడా గుర్తుంచుకోవాలి. 2020లో పశ్చిమ బెంగాల్ ఎయిడెడ్ మదర్సాల కేసులో, ఉపాధ్యాయుల ఎంపికకు ప్రభుత్వం కమిషన్ వేయడం చెల్లుతుందని అదే కోర్టు అంది. మైనారిటీ సంస్థలు తమ ఎంపికలను సక్రమంగా చేసుకోకపోతే ప్రభుత్వానికి దారి తెరిచినట్టే.

మన సంస్థల్లో జరుగుతున్నదేమిటి? రాజ్యాంగం మతం విషయంలో ఇచ్చిన మినహాయింపును మనం కులానికి వాడుకుంటున్నాం. ఈ మాట ఏ ఒక్క డినామినేషన్‌ను ఉద్దేశించి అనడం లేదు. ఒక క్రైస్తవ పాఠశాల ఉద్యోగ ఫారం ఈ మధ్య నా బల్ల మీదికి వచ్చింది. అందులో కులం, ఉపకులం, చర్చి పేరు, పాస్టరు సిఫారసు అని వరుసగా నాలుగు గడులున్నాయి. మొదటి రెండూ కొట్టేసినా మూడోది చాలు. తెలుగు దేశంలో ఏ జిల్లాలో ఏ చర్చి ఎవరిదో చెప్పడానికి సర్వే అక్కర్లేదు. ఫలానా మిషను మాలలది, ఫలానాది మాదిగలది, ఆ విచారణ రెడ్లది, ఈ విచారణ కమ్మవారిది అని మన పెద్దలు మెల్లగా చెప్పుకుంటారు. కమిటీ ఎన్నికలు, ప్రిన్సిపాలు పదవులు, చివరికి బంట్రోతు ఉద్యోగం దాకా అదే లెక్క. దీన్ని అడ్డుకునే చట్టం బలహీనంగా ఉందని పైన చెప్పుకున్నాం. ఆ బలహీనత మన పిల్లలకు ఎంత నష్టమో, మన కమిటీలకు అంత సౌకర్యంగా ఉంది.

ఇది మన పుట్టుకకే విరుద్ధం. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లవ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఇతర పనుల దగ్గర మేస్త్రీల దౌర్జన్యానికీ మోసానికీ గురైన మాదిగలకు అక్కడ పనీ కూలీ దొరికాయి. సంఘపు బోధకులే పని అజమాయిషీ చేశారు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగారు. కరువు పనులు సాగినంత కాలం క్లవ్ ఇవ్వలేదు. కూలి కోసం విశ్వాసంలోకి వచ్చారనే మాట రాకూడదని ఆగాడు. పని ముగిశాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. "కరువు క్రైస్తవులు" అని వెక్కిరించేవారికి చెప్పడానికి మన దగ్గర ఈ జవాబు ఉంది. ఆకలిగా ఉన్నవాడికి పని ఇచ్చేటప్పుడు ఏ సంఘమని అడగలేదు, సంఘంలో చేర్చుకునేటప్పుడు పనిని ఎర వేయలేదు.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో ఆదిసంఘం చేసిన ఒక నియామకం ఉంది. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అనుదిన పంపిణీలో అన్యాయం జరుగుతోందని ఫిర్యాదు వచ్చింది. అపొస్తలులు ఫిర్యాదు చేసినవారిని సణుగుడుగాండ్రని తోసేయలేదు. ఎలాంటివారు కావాలో అర్హతలు అందరి ముందు చెప్పారు, ఎంపికను సంఘమంతటికీ విడిచారు. స్తెఫను మొదలు నీకొలాసు దాకా ఎన్నికైన ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. ప్రసంగాల్లో స్తెఫను మరణం దగ్గరికి తొందరగా వెళ్లిపోతాం గాని, ఈ ఎంపిక పద్ధతి దగ్గర కాసేపు ఆగితే మన పాలక కమిటీలకు మేలు.

ఆచరణలో ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. పోస్టుకు ఏం కావాలో ముందే రాసి, సంఘ నోటీసు బోర్డు మీదా బయటా ప్రకటించాలి. క్రైస్తవులకు ప్రాధాన్యం అన్న షరతు ఉంటే అది ఏ పోస్టుకు, ఎందుకు అన్నది దాచకుండా చెప్పాలి. బైబిలు పాఠం చెప్పే టీచరుకు అది అర్థవంతం, లెక్కలు చూసే గుమస్తాకు కాదని నా అభిప్రాయం. వచ్చిన వారందరినీ ఒకే ప్రశ్నలు అడగాలి, ఎవరికెన్ని మార్కులు వేశారో కాగితం మీద ఉండాలి, అభ్యర్థికి బంధువైన కమిటీ సభ్యుడు ఆ పూట లేచి బయటికి వెళ్లాలి. వైద్య పరీక్ష ఏదైనా ఉంటే ఎంపిక తర్వాతే, ఆ పనికి అవసరమైనంత వరకే. కాదన్నవారికి కారణం ఒక్క వాక్యంలోనైనా రాసి ఇస్తే, రేపు లేబరు ఆఫీసు నుంచో కోర్టు నుంచో కాగితం వచ్చినా మన దగ్గర చూపించడానికి ఏదో ఉంటుంది. విద్యాశాఖకు పంపే వివరాల్లో ఉపాధ్యాయుల సామాజిక వర్గం అడుగుతారు కదా అని కొందరు కరస్పాండెంట్లు అంటారు. నిజమే. ఆ వివరం ఉద్యోగంలో చేరాక తీసుకోవచ్చు. ఎంపిక బల్ల మీద ఉండాల్సిన ఫారంలో దానికి పని లేదు.

పాస్టరు సిఫారసు సంగతి కూడా చెప్పాలి, తోటి దైవజనులకు కోపం వచ్చినా. మనం ఇవ్వగలిగింది ఆ యువతి నడవడి గురించి మనకు తెలిసిన సాక్ష్యం, అది కూడా అభ్యర్థి కోరితే. "మన పిల్లే, చూడండి" అని ఫోను చేయడం సాక్ష్యం కాదు. ఆ ఫోను వల్ల ఒకరికి వచ్చిన ఉద్యోగం, ఫోను చేసేవారు లేని ఇంకొకరికి పోయిన ఉద్యోగమే. ఆ రెండోవారు మన పక్క వీధి చర్చిలోనే ఆదివారం నాడు మోకాళ్లూని ఉంటారు.

కొత్త విద్యా సంవత్సరానికి మన బడుల్లో ఉపాధ్యాయుల ఇంటర్వ్యూలు ఏప్రిల్, మే నెలల్లో జరుగుతాయి. చాలాచోట్ల పోయినేటి ఫారాన్నే జిరాక్స్ తీయిస్తారు. ఈసారి తీయించే ముందు కమిటీ కూర్చుని ఆ ఫారాన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చదవాలి. ఒక్కో గడి దగ్గర, ఈ జవాబు తెలిస్తే పిల్లలకు పాఠం బాగా చెప్పేవారు దొరుకుతారా అని అడగాలి. దొరకరు అనిపించిన గడిని కొట్టేసి, ఆ తర్వాతే జిరాక్స్ షాపుకు పంపాలి.